అలారం అరిస్తే సాంబ్రాణి వేసిన ఇల్లు

కరోనా తగ్గి కొట్లన్నీ మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది జరిగిందిది. రాజమండ్రిలో నాకొక చిన్న దుకాణం ఉంది. స్మోక్ అలారాలు, గ్యాస్ డిటెక్టర్లు అమ్ముతాను, బిగిస్తాను, పాడైతే వెళ్ళి చూస్తాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఆ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. గాలాడని చోట బొగ్గో కట్టెలో వంటగ్యాసో సరిగ్గా కాలకపోతే పుడుతుంది. ఊపిరితో లోపలికెళ్ళి, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తను కూర్చుంటుంది. మనిషికి తల బరువెక్కి నిద్రొస్తున్నట్టు ఉంటుంది, అంతే.

ఆత్రేయపురం నుంచి సత్తిబాబు అనే అతను ఒకటి కొనుక్కెళ్ళాడు. పక్క ఊళ్ళో ఎవరో గ్యాస్ గీజరు వల్ల స్నానాల గదిలో పడిపోయారని విని భయపడ్డాడట. నెల తిరక్కుండా ఫోన్ చేశాడు.

"మాస్టారూ, గీజరు కట్టేసినా మీ మిషను అరుత్తందండి. మధ్యాన్నం అయితే చాలు."

"బ్యాటరీ చూశారా?"

"బ్యాటరీ కాదండి." గొంతు తగ్గించాడు. "మా అమ్మ వచ్చినప్పుడు అరుత్తందండి."

"అయితే ఆవిణ్ణి రావద్దనండి," అన్నాను విసుగ్గా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"మా అమ్మ పోయి ఏడాదైందండి."

వస్తానని చెప్పి పెట్టేశాను.

వాళ్ళది పూతరేకులు చేసే ఇల్లు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద అలా లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. గాలి తగిలితే రేకు నిలవదు. అందుకని ఫ్యాను వేయరు, తలుపు తీయరు. సత్తిబాబు తల్లి బతికున్నన్నాళ్ళూ తాటాకు పాకలో, కొబ్బరాకుల మంట మీద చేసేది. ఆవిడ పోయాక అదే జాగాలో స్లాబు గది వేశారు. కొత్త రంగు గోడలకి మసి పడుతోందని ఆకులు మానేసి కొబ్బరి చిప్పల బొగ్గు మొదలుపెట్టారు.

"పొగే రాదండి," అన్నాడు సత్తిబాబు గొప్పగా.

అతని భార్య దుర్గ కుండ ముందు కూర్చుని ఉంది. ఆరో నెల. గీజరున్న స్నానాల గది ఆ పక్కనే కాబట్టి అలారం ఈ గది గోడకే తగిలించారు. టెస్ట్ బటన్ నొక్కాను, కూసింది. బ్యాటరీ బాగుంది, గడువు దాటలేదు. సరిచూడ్డానికి నా సంచిలోని కొత్తది దాని పక్కన పెట్టి, రోజూ చేసినట్టే చేసుకోమ్మా అన్నాను. సత్తిబాబు బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

రేకుల మీద రేకులు లేస్తున్నాయి. కాసేపటికి నా కణతలు బిగిశాయి. రెండు అలారాల మీదా అంకెలు పెరుగుతున్నాయి. లేవాలని తెలుసు, లేవాలనిపించలేదు. అవతలి పక్క ఇంకో కుండ ఉంది, దాని కింద నిప్పు ఉంది, ముందు ఎవరూ లేరు. అక్కడి నుంచి తడిగుడ్డ కుండ మీద సుయ్‌మని జారిన చప్పుడు విన్నాను. ఇప్పటికీ విన్నాననే చెబుతాను.

"వచ్చేశారండి," అంది దుర్గ, తల తిప్పకుండానే. "అత్తయ్యగారు. తలనొప్పి మొదలైందంటే వచ్చినట్టే. మాట్లాడరు. పక్కన కూర్చుని తన పని తను చేసుకుంటారు."

"భయం వెయ్యదా అమ్మా?"

"భయమెందుకండి? ఈ పని నేర్పిందే ఆవిడ. ఆవిడొస్తే లోపల బిడ్డ కూడా బుద్ధిగా పడుకుంటదండి. అస్సలు కదల్దు."

ఆ చివరి మాట చెవిన పడింది. అదే నన్ను లేపింది.

అంతలో రెండు అలారాలూ ఒక్కసారి అరిచాయి. తలుపు తోసుకుని సత్తిబాబు వచ్చాడు, చేతిలో ధూపం గిన్నె నిండా నిప్పులు, వాటి మీద సాంబ్రాణి. అలారం అరిచిందంటే అమ్మ వచ్చినట్టని, ఆవిడకి ధూపం వేయడం వాళ్ళు అలవాటు చేసుకున్నారు. లోపలికొచ్చి, మళ్ళీ తలుపు వేశాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! తియ్యవయ్యా తలుపు!" అని కేకేశాను. గిన్నె లాక్కుని వాకిట్లో పడేసి, కిటికీలు బార్లా తీశాను.

"రేకులు ఎగిరిపోతాయండీ!" అంది దుర్గ. ఎగిరిపోయాయి. లేవబోయి ఆ పిల్ల గోడ పట్టుకుని జారిపోయింది. ఇద్దరం చెరో రెక్కా పట్టి బయటికి తెచ్చి, దొరికిన కారులో రాజమండ్రి తీసుకెళ్ళాం.

మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. ఈ గ్యాసు తల్లి రక్తంలోంచి పోయినా బిడ్డ రక్తంలోంచి అంత తొందరగా పోదని డాక్టరమ్మ చెబితే సత్తిబాబు నేల మీదే కూలబడ్డాడు. అతన్ని తిట్టిన నోటితోనే ఏం కాదులే బాబూ అన్నాను. అయితే నాకూ ధైర్యం లేదు. చీకటి పడే వేళకి దుర్గ పొట్ట మీద చెయ్యేసుకుని, "కదిలిందండి," అంది. సత్తిబాబు చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నా కళ్ళూ తడిశాయి, దాచడం దేనికి.

ఆ కేసు తర్వాత ఏ ఇంట్లో అలారం బిగించినా ఈ మాటలు చెప్పందే కదలను. టెస్ట్ బటన్ నొక్కితే హారన్ పనిచేస్తోందని తెలుస్తుంది, గదిలో గాలి మంచిదని కాదు. ఆగి ఆగి ఒక్కో కూత కూస్తే బ్యాటరీయో, గడువో అయిపోయినట్టు. ఆగకుండా అరిస్తే మాత్రం ముందు మనుషులు బయటికి రావాలి. ఇంట్లో దెయ్యం ఉందని ఎవరైనా అంటే ఇప్పుడు నవ్వను. అక్కడ ఏం కాలుతోంది, తలుపెందుకు వేస్తున్నారు అని అడుగుతాను. కానీ ఆ సాయంత్రం ఈ మాటలేవీ నాకు అక్కరకి రాలేదు. ఎందుకంటే దుర్గ మాస్కు పక్కకి జరిపి అడిగిన ప్రశ్న వేరు.

"ఇంక అత్తయ్యగారు రారా అండి?"

అది గ్యాసమ్మా, నీ భ్రమ అనబోయి, ఆ మొహం చూసి ఆగిపోయాను.

"వస్తే రానీ తల్లీ. ఆ పెట్టె అరిచిందంటే, తన మనవడినో మనవరాలినో తీసుకుని బయటికి పొమ్మని ఆవిడ కసురుతోందనుకో. సాంబ్రాణీ గీంబ్రాణీ వద్దు. లేచి వచ్చెయ్యి."

దుర్గ మాస్కు మళ్ళీ పెట్టుకోబోయి ఆగింది.

"ఆయ్, అయితే తలుపు తీసే వస్తానండి. ఆవిడ కూడా బయటికి రావాలి కదా."