వడ్ల కావలి పుస్తకం

మొన్న కోదాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సూర్యాపేటలో, మా ఇంట్లో, నా కుర్చీలోనే ఉన్నాను గానీ, నిజానికి బందీగా ఉన్నాను. నన్ను బంధించింది ఒక కాన్ఫిగరేషన్ ఫైలు. మన ఈడు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కంప్యూటర్‌లోని పుస్తకాల్లో ఏది ఏ అరలో పెట్టాలో ప్రోగ్రాముకు రాసిచ్చే హుకుం అది. అందులో ఒక్క ఖాళీ అటూ ఇటూ అయితే చాలు, విందులో తన విస్తట్లో మూలుగున్న నల్లిబొక్క పడని వియ్యంకుడిలా ప్రోగ్రాము అలిగి కూర్చుంటుంది.

పెద్దమ్మకు కాలు విరిగింది. కట్టు విప్పేదాకా మంచం దిగవద్దన్నారు. అక్కడ పడి ఉన్నన్నాళ్లూ చదువుకోవడానికి ఆమెకు ఒక్క పుస్తకం కావాలి. ఆమె పుస్తకాలను చెదలు తినకముందే నేను స్కాన్ చేసి దాచిన సంగతి ఆమెకు తెలుసు. పేరేమిటని అడిగితే, "పేరెందుకు బిడ్డా? వడ్ల కావలి పుస్తకం. గదన్నా యాదికి లేదా?" అని గద్దించింది.

లేకేం! చిన్నప్పుడు సెలవులు రాగానే మిర్యాలగూడ నుంచి నడిగూడెంలోని ఆమె ఇంటికి పోయేవాళ్లం. పెద్దమ్మ పుస్తకాలను రచయితల పేర్లతో కాదు, తను చేసే పనులతో పిలిచేది. పాలు పొంగేలోగా ఒక కథ పూర్తయ్యేవి పాల పుస్తకాలు. పెద్దనాన్న మీద కోపమొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు చదివేవి అలక పుస్తకాలు (అట్టలు బాగా నలిగినవి ఇవే). వాకిట్లో ఎండబోసిన వడ్లకు కాపలా కూర్చుని, మేకలను అదిలించి వచ్చి ఏ పేజీ తెరిచినా కథ అందేది వడ్ల కావలి పుస్తకం. చేతిలోది చివరికొస్తుండగానే ఇంకొకటి తెమ్మని నన్ను పుస్తకాలుండే గదిలోకి, ఆ చీకటి అర్రలోకి తోలేది. ఆ తలుపు ఎంత దుర్మార్గురాలంటే, నేను లోపల అడుగుపెట్టగానే బయటి గొళ్లెం దానంతటదే పడేది. నా కేకలు తుంగతుర్తి దాకా వినిపించేవి గానీ, వాకిట్లో ఉన్న పెద్దమ్మకు మాత్రం ఆ అధ్యాయం అయిపోయేదాకా వినిపించేవి కావు.

ఇంత తెలిసినవాణ్ని ఆ ఫైలులో ఏం రాశాననుకున్నారు? పేరులో చివరి మాటే ఇంటిపేరు, దాని ప్రకారమే అరలు, అని ఇంగ్లీషు పుస్తకాల కోసం ఎవరో రాసుకున్న నియమాన్ని తెచ్చి అతికించాను. దాంతో భూమ్మీది రావులంతా ఒకే అరలో, జాతర బస్సులోలాగా, ఊపిరాడక నిలబడ్డారు. అట్టలూడిన పెద్దమ్మ పుస్తకాలకైతే పేరూ లేదు, రచయితా లేడు. అన్నింటికీ 'తెలియదు' అన్న పేరే తగిలింది. ఒకే పేరున్నవి నకళ్లు కాబట్టి ఒకటి ఉంచి మిగతావి చెత్తబుట్టలో వేయమనీ, ఆ బుట్ట ఆ సాయంత్రమే ఖాళీ కావాలనీ రాసిన మహానుభావుణ్ని కూడా నేనే.

నా నిట్టూర్పులు ఫోన్‌లో వినపడ్డాయేమో, పెద్దమ్మ నవ్వింది. "ఏందిరా, మళ్ల అర్రల పడ్డవా?"

భోజనం మానేసి, చెత్తబుట్టలో తలపెట్టి, ఒక్కొక్క పుస్తకమే తెరిచి చూశాను. ఎండ తగ్గేవేళకు ఒక పేజీ మడతలో ఎండిన గడ్డిపోచ, దాని పక్కనే అణిగిపోయిన వడ్లగింజ కనిపించాయి. స్కాన్‌లో అక్షరాలకంటే అవే స్పష్టంగా పడ్డాయి. బుట్ట ఖాళీ కాకముందే మిగతావాటినీ బయటికి లాగి, ఆ పుస్తకాన్ని వెంటనే కోదాడకు పంపాను.

తెల్లారి పెద్దమ్మే ఫోన్ చేసింది. "అయిపోయింది బిడ్డా. నడుమల లేపనీకి మేకలు గూడ లేకపాయె."

ఇప్పుడు వడ్లు కోతమిషన్‌లోంచి ట్రాక్టర్ ఎక్కి, నడిగూడెంలో పెద్దమ్మ వాకిలి మొహం చూడకుండానే మిర్యాలగూడ మిల్లుకు పోతున్నాయి. పాలు ప్యాకెట్‌లో వస్తున్నాయి. అలగడానికి పెద్దనాన్న లేడు. అయినా నా ఫైలులో 'ఏ పని చేస్తూ చదవాలి' అని ఒక కొత్త వరుస చేర్చి, పెద్దమ్మ పుస్తకాలన్నింటికీ నింపాను. నా సొంత పుస్తకాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. సర్దడమే తప్ప వాటిలో ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు ఈ ఫైలు అర్రలో చిక్కుకున్నాను గానీ, ఆ రోజుల్లో అధ్యాయం అయిపోగానే వచ్చి గొళ్లెం తీసే మనిషి బయట ఉండేది.