పాదం మీద గుంట

రోజూ పొద్దున మేజోళ్లు వేసుకునే ముందు పాదం మీద బొటనవేలితో నొక్కి చూసుకుంటాను. "దేవునికి మొక్కనోడివి, నీ కాళ్లకు నువ్వే మొక్కుకుంటున్నవా?" అని ఇవాళ కూడా మా ఆవిడ ఎగతాళి చేసింది. కారణం ఆమెకూ తెలుసు.

మా అన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. వాటిని అక్కడ సాంచాలంటారు. పన్నెండు గంటలు నిలబడే పని. మోకాళ్ల నొప్పులకు తాయత్తు కట్టించుకోబోతే ఆపి, నా స్నేహితుడి దగ్గరికి పంపింది నేనే. ఊరంతా డాక్టరని పిలిచే ఆ ఆర్‌ఎంపీ, నేను ఒకే వేదిక మీద బాబాలను చీల్చి చెండాడినవాళ్లం. అతనిచ్చే పేరులేని గోళీల పొట్లంతో అన్న నొప్పి మాయమయ్యేది. మాయమైన ప్రతిదాన్నీ అనుమానించమని జనానికి చెప్పిన నేను, ఆ మాయను మాత్రం ప్రశ్నించలేదు.

కొన్నేళ్లకు అన్న ముఖం నిండింది. "ఏం తింటున్నవే, మస్తు ఒళ్లు చేసినవ్" అని సాంచాల దగ్గరివాళ్లు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. వదిన ఒక్కతే మెచ్చుకోలేదు. "పొద్దుగాల లేస్తె మొఖం ఉబ్బుతున్నది, మరిదీ. చెప్పుల పట్టీ కాలికి అచ్చు పడుతున్నది. ఒంటికి పోతె నురుగే నురుగు. ఏ కూర వండినా ఇనుప రుచి అంటుండు. దిష్టి తీపియ్యాలె."

ఆ చివరి మాట పట్టుకుని అరగంట ఉపన్యాసం దంచాను. ముందు నాలుగు మాటలూ ఆమె దగ్గరుండి గమనించినవి. వాటిని విననే లేదు.

రెండు నెలలకు ఊపిరాడకపోతే కరీంనగర్ తీసుకుపోయాం. డాక్టరు అన్న పాదం నొక్కాడు. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. మూత్రపిండాలు రెండూ చెడిపోయాయన్నాడు. పొట్లం విప్పి చూసి, "రోజూ ఇవేనా? ఎన్నేళ్ల నుంచి?" అన్నాడు.

తిరిగొచ్చి స్నేహితుణ్ని నిలదీశాను.

"దినాం ఏసుకుంటె కిడ్నీలు ఖరాబైతయని నాకు ఎరుకే" అన్నాడు, తల దించకుండా. "నేను ఇయ్యకుంటె మల్ల తాయత్తు కట్టించుకుంటుండె. అప్పుడు మనం ఓడిపోయినట్టు గాదా?"

డయాలసిస్ మంచం మీద పడుకుని అన్న ఒక్కసారే ఆ మాటెత్తాడు. "గా పొట్లంల ఏమున్నదో అడగాలె అనిపించింది తమ్మీ. నీ దోస్తు గదా అని అడగలే."

అన్న పోయి చాలా ఏళ్లయింది. నా పాదం మీద గుంట నిలవదు. వేలు తీయగానే చర్మం ఎప్పటిలా అయిపోతుంది. కాలం కూడా అట్లాగే అన్నిటినీ పూడుస్తుందంటారు. వదిన ఆ నాలుగు మాటలు చెప్పిన పొద్దు మాత్రం, ఇన్నేళ్లయినా, అంతే లోతుగా ఉంది.