చోటీ దారం

సారలమ్మకు ఇంద్రావతి ఏటి మీద కోపం లేదు. ఉన్న కోపమంతా నల్లబండ కింది మడుగులో కాపురం పెట్టిన వాలుగ మీదే. ఆ చేప మనిషంత పొడుగు ఉంటుందని ఊళ్లో అంటారు. తెగిన గాలం చూసినప్పుడల్లా మనవాళ్ల నోట్లో చేప ఇంకో జానెడు పెరుగుతుంది, అది వేరే సంగతి. పెద్దదన్న మాట మాత్రం నిజం. గాలాన్ని మింగి, దారాన్ని పుటుక్కున తెంపి, తోకతో నీళ్లు చిమ్మి మరీ పోయేది.

భర్త ముసలయ్య ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి వల వేసేవాళ్లు. ఆయన పోయాక వలను మరిదికి ఇచ్చేసి సారలమ్మ గాలం పట్టింది. వలకు ఇద్దరు కావాలి, గాలానికి ఒక్క మనిషి చాలు. కాని గాలానికి పడే చిల్లర చేపలు కూరకే సరిపోతాయి. ఇల్లు గడవాలంటే పెద్ద చేప పడాలి. అది పడక, ఏటా చలికాలం కూలి బండెక్కి తెలంగాణ వైపు మిర్చి ఏరడానికి పోయేది. పోయినేడు ఆ ఘాటుకు కళ్లు వాచిపోయాయి, దగ్గు పట్టుకుని ఎండాకాలం దాకా వదల్లేదు. ఈసారి పోతే మళ్లీ ఏటి మొహం చూడనేమోనని ఆమెకు లోపల నిజంగానే భయంగా ఉంది.

చెల్లెలి కూతురు దీప ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, ఒప్పుకోనూ లేదు. "బండొచ్చే లోపట ఆ వాలుగను పట్టి చూపియ్యి పెద్దమ్మా, ఆగిపో. లేకుంటె నాతోని రా. నిన్ను పస్తులుంచి నేనెట్ల పోత?" అంది. న్యాయమైన మాటే, కాదనడానికి లేదు.

చిక్కంతా దారంతోనే వచ్చింది. సన్న నైలాన్ దారం వేస్తే వాలుగ తెంపుతుంది. లావుది వేస్తే చలికాలపు తేట నీళ్లలో తాడులా కనిపిస్తుంది, చేప దగ్గరకే రాదు. బలంగా ఉండాలి, కనపడకూడదు. అలాంటి దారం ఎవరి దగ్గరుంటుంది?

అది ఏరే చూపించింది. నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి సెలవుకు వచ్చిన వాళ్లెవరో మడుగు దగ్గర సరదాగా చేపలు పట్టి పోయారు. బండకు చిక్కుకుని వాళ్ల దారం ముక్క ఒకటి మిగిలింది. సారలమ్మ పంటితో కొరికి లాగితే పన్ను కదిలిందే గాని దారం తెగలేదు. ఎండకు పెట్టి చూసింది. సన్నటి పోగులు, ఒకదాని మీదుగా ఒకటి. దీపకు పెళ్లయ్యేదాకా జడలు వేసిన చేతికి అల్లిక తెలియకుండా ఉంటుందా!

ఆ ముక్కను కొంగున కట్టుకుని భోపాలపట్నంలో భీమశంకరం కొట్టుకు వెళ్లింది. మేకుల నుంచి మంచినూనె దాకా అమ్మే కొట్టు అది. "జడ లెక్క అల్లిన దారం సేటూ. పెద్ద చేపలకు. తెప్పియ్యి."

భీమశంకరం అక్కడే జగ్దల్‌పూర్ వ్యాపారికి ఫోన్ కొట్టాడు. "బడా మచ్లీ కే లియే చోటీవాలా దాగా బేజో బాయీ!" అని బజారంతా వినేలా అరిచాడు. పెద్ద చేపకు జడలాంటి దారం పంపమని ఆయన ఉద్దేశం.

ఇక్కడే బోల్తా పడింది వ్యవహారం. హిందీలో చోటీ అంటే జడ, ఛోటీ అంటే చిన్నది. మధ్యలో ఉన్నది ఒక్క ఒత్తు. భీమశంకరం పుట్టి పెరిగింది ఇక్కడే, హిందీ గడగడా మాట్లాడతాడు, కాని ఆ ఒత్తు మాత్రం ఆయన నోట్లో ఏనాడూ నిలవలేదు. ఆయన హిందీలో ఆడా మగా కూడా ఎప్పుడూ కలిసిపోయే ఉంటారు కాబట్టి, అవతలి వ్యాపారి అలవాటు ప్రకారం సర్దుకుని, ఛోటా అనబోయి ఛోటీ అన్నాడనుకుని, సన్నదని అర్థం చేసుకున్నాడు.

మద్దేడ్ మీదుగా వచ్చిన బస్సులో పొట్లం దిగింది. విప్పి చూస్తే రవికెలు కుట్టే దారమంత సన్నగా ఉంది.

"ఇదేంది సేటూ? దీన్తోని చేపను పట్టాల్నా, గుండీలు కుట్టుకోవాల్నా?" అంది సారలమ్మ. బండి ఎల్లుండే వస్తుంది.

భీమశంకరం మళ్లీ ఫోన్ చేసి తిట్టబోయి తిట్లు తిన్నాడు. "పెద్ద చేపకన్నావు, సన్నది కావాలన్నావు. ఆ రెండింటికీ పనికొచ్చేది ఇదొక్కటే" అన్నాడట ఆ వ్యాపారి. ఫోన్ పెట్టేసి, "వాపసు పంపుతా సారక్కా. ఈ లావు నైలాన్ తీస్కపో" అని చుట్ట తీసి ముందు పెట్టాడు.

ఒక చేతిలో లావుది, ఒక చేతిలో సన్నది. సారలమ్మ సన్నదాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఇంత సన్నంలోనూ అల్లిక ఉంది. "తూకం వేసి చూద్దాం" అంది.

కొట్టు దూలానికి దారం కట్టి, కొసకు ఉప్పు బస్తా వేలాడదీశారు. క్షణం ఆగింది, దబ్బున పడింది. బస్తా పగిలి ఉప్పంతా గుమ్మం నిండా పరుచుకుంది. భీమశంకరం నెత్తి పట్టుకున్నాడు. బజారు నవ్వింది.

సారలమ్మ నవ్వలేదు. దారం కొస పట్టుకుని చూసింది. "తెగలే సేటూ. ముడి జారింది, అంతే."

నున్నటి దారం, మామూలు ముడికి ఆగలేదు. జడ చివర రిబ్బను జారకుండా కట్టినట్టు నాలుగు చుట్లు చుట్టి, కొసను వెనక్కి తిప్పి, ఆ చుట్ల కింది నుంచి దూర్చి, ఉమ్మి తడి చేసి బిగించింది. ఈసారి ఇంకో బస్తా వేలాడదీశారు. బస్తా ఊగింది గాని పడలేదు. ఉప్పు ఊడవడం ఆపి భీమశంకరం కూడా నోరు తెరిచి చూశాడు.

బండి వచ్చే రోజు తెల్లవారుతుండగా దీప ఇద్దరి మూటలూ రోడ్డు మీదికి చేర్చింది. సారలమ్మ మడుగు దగ్గరే ఉంది. ఆ సన్నదారం చేతిని కోస్తుందని అరచేతులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుంది. బండకు రాసుకుంటే అల్లిక చివికిపోతుందని గాలం దగ్గర బారెడు లావు నైలాన్ అతికించింది. ఆ బారెడూ అడుగున ఇసుకలో పడుకుంటే చేపకు కనపడదు. వాలుగ ఎరను మింగింది. నైలాన్ సాగినట్టు ఇది సాగదు. చేప తల విదిలిస్తే ఆ విదిలింపు నేరుగా ఆమె భుజంలో తగిలింది. లాగితే ఓడిపోతానని ఆమెకు తెలుసు. దారం వదలకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ ఇసుకలోకి నడిచింది. చేప ఊపితే ఆగింది, అది అలిస్తే నడిచింది. ముసలయ్య పేరు ఎన్నిసార్లు తలుచుకుందో, వాలుగను ఎన్ని తిట్లు తిట్టిందో ఏటికే తెలియాలి. చివరికి ఆ మీసాల మొహం ఇసుక మీదికి వచ్చింది. ఆమె దాని పక్కన కూలబడి గట్టిగా ఏడ్చింది.

కొట్టు ముందు బండి కదలబోతోంది. సారలమ్మ భుజాల మీద చేపను వేసుకుని వచ్చింది. దాని తోక పిక్కలకు తగులుతోంది. కూలీలను తీసుకుపోయే మేస్త్రి ఉపేంద్ర ఇంజను ఆపేశాడు.

"సారక్కా! మళ్లొక చుట్ట తెప్పియ్యాల్నా?" అని కొట్టులోంచి అరిచాడు భీమశంకరం.

"తెప్పియ్యి సేటూ. గని నీ హిందీల్నే చెప్పు, సక్కగ చెప్పకు."

బజారు మళ్లీ నవ్వింది. ఈసారి సారలమ్మ కూడా నవ్వింది. తర్వాత బండి వైపు తిరిగి, "నా మూట దింపు బిడ్డా" అంది.

దీప మూట కిందికి అందించింది. సారలమ్మ అక్కడే విప్పి, మిర్చి ఘాటుకు మూతికి కట్టుకునే పాత చీర పేలిక తీసి దీప చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు కట్టుకో, నాకింక పని లేదు. ఏరుడు కాంగనే తొందరగ రా. ముడి నేర్పుత. వచ్చే ఏడు నీ మూట గూడ దింపుదాం."