కిటికీ వైపు చూసే కుక్కలు

వాటీ ప్రింగిల్ కాళ్ళకు చక్రాలున్నాయని కిల్‌బ్రేక్ గనివాడలో అందరూ నవ్వుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. పదమూడో ఏట బొగ్గుగనిలో దిగాడు, పంతొమ్మిదో ఏట ఫుట్‌బాల్ జట్టులో కుడి అంచున పరుగెత్తే ఆటగాడిగా పైకొచ్చాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో ఆరు జట్లు మారాడు. ఎవరూ పొమ్మనలేదు, తనే ఉండలేకపోయాడు. మోకాలు చెడి ఆట మానేసి మేనేజరయ్యాక, ఇకనైనా ఒకచోట కుదురుగా ఉంటాడని భార్య ఈఫీ ఆశపడింది. ఆశకేం, ఎవరైనా పడొచ్చు. ఇంకో రెండు ఊళ్ళు తిప్పి 1924లో కిల్‌బ్రేక్ జట్టు మేనేజరుగా ఆమెను ఆ ఊరికి తీసుకొచ్చాడు. అది ఆమెకు తొమ్మిదో ఇల్లు.

మిగతా మేనేజర్లు పెద్దమనుషుల పక్కన కుర్చీల్లో కూర్చుని ఆట చూసేవారు. వాటీ మాత్రం నల్లటోపీ పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా మైదానం చుట్టూ తిరిగేవాడు. గోడవారన నిలబడ్డ గనివాళ్ళు అతని చుట్లు లెక్కపెట్టేవారు. “వాటీ, బంతి ఇక్కడుందయ్యా, నువ్వెటు పోతున్నావ్?” అని ఎవరో ఒకరు అనకుండా ఆట ముగిసేది కాదు.

ఈఫీది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. పెళ్ళికి తల్లి ఇచ్చిన పింగాణీ కుక్కల జత పొయ్యి మీది అరలో ఉండేది. మగవాడు పడవెక్కితే ఆ కుక్కలు కిటికీ వైపు చూడాలి, ఇల్లు చేరితే పొయ్యి వైపు తిరగాలి. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అంతే. వాటీ పొరుగూరి ఆటకు రైలెక్కినప్పుడల్లా ఈఫీ వాటిని అలాగే తిప్పేది.

రెండో ఏడు వసంతంలో సరిహద్దు అవతల ఇంగ్లండు నుంచి ఒక పెద్ద జట్టు మేనేజరుగా రమ్మని ఉత్తరం రాసింది. శనివారంలోగా జవాబు చెప్పాలట. ఈఫీ ఒక్కమాటే చెప్పింది. ఈ గోడలకు తన చేత్తో పూలకాగితం అంటించుకుందట, పదో ఇంటికి తాను రాదట, వెళ్ళేదుంటే ఒక్కడివే వెళ్ళమంది. వాటీ ఉత్తరం లోపలి జేబులో పెట్టుకుని ఆ వారమంతా సాయంత్రాలు బల్లకూ తలుపుకూ మధ్య తిరిగాడు.

శుక్రవారం ఓట్‌పిండిలో వేయించిన చేప తింటూ తలెత్తి చూశాడు. కుక్కలు కిటికీ వైపు చూస్తున్నాయి.

“కుక్కల్ని తిప్పడం మర్చిపోయావ్, ఈఫీ. నేనింట్లోనే ఉన్నాగా.”

“మర్చిపోలేదు,” అంది ఈఫీ, మేజోడు కుడుతూనే. “సోమవారం నుంచీ చూస్తున్నా. నువ్వింకా రాలేదు.”

అతను లేచి తనే కుక్కల్ని పొయ్యి వైపు తిప్పాడు. ఈఫీ మేజోడు పక్కన పెట్టి, కోపం లేకుండా, వాటిని మళ్ళీ కిటికీ వైపు తిప్పేసింది. ఆ పని మగాళ్ళది కాదంది. వచ్చిన మనిషిని చూసి ఆడవాళ్ళే తిప్పాలట.

“మా అమ్మ పదకొండేళ్ళు వాటిని ఇలాగే ఉంచింది. మా నాన్న సముద్రంలో పోయాడు. నువ్వు నా ఎదురుగా కూర్చునే పోతున్నావ్.”

వాటీకి సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఇరవై రెండేళ్ళుగా రైలుపెట్టెల్లో, వానకు కారే ఇంటికప్పుల కింద తన వెంట తిరిగిన మనిషి ఏనాడూ ఇలా మాట్లాడలేదు. జేబులోంచి ఉత్తరం తీసి పొయ్యిలో వేశాడు. అది కాలి బూడిదయ్యేదాకా నిలబడి, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఈఫీ చాలాసేపు అతని ముఖం చూసింది, ఆ తర్వాత బల్ల కిందికి చూసింది. లేచి వెళ్ళి ఒక కుక్కను పొయ్యి వైపు తిప్పింది. రెండోదాన్ని ముట్టుకోలేదు.

“మరి అదో?” అన్నాడు వాటీ.

“అది ఆ కాలు ఆగాక.”

వాటీ కిందికి చూసుకున్నాడు. కుడికాలు నేలను తడుతూనే ఉంది. రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకుని కూర్చున్నాడు.