దొర తాగే చుట్ట

చిత్తూరు దాటాక మామిడి మండీల వెనకాల దొర సమాధి ఉంది. నాలుగు స్తంభాలు, పైన గుమ్మటం, కింద నల్లరాతి పలక, దాని మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు. కుంపిణీ కాలంలో కట్టింది. మా పేటలో ఆ పలక చదివినవాళ్ళు లేరు. చదవకపోయినా భయపడటం మాత్రం అందరికీ వచ్చు. పిల్లలకు జ్వరం దిగకపోయినా, ఫిట్సు వచ్చినా దొరకు కోపం వచ్చిందనేవాళ్ళు. ఉడికించిన గుడ్డు, ఒక చుట్ట తెచ్చి రాతి మీద పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు. తెల్లారేసరికి చుట్ట బూడిదై ఉంటే దొర తాగాడని, గండం గడిచిందని లెక్క.

ఆ చుట్టలు తాగేది ఎస్తేరు.

సమాధి ప్రహరీకి ఆనుకుని ఆమె రేకుల గది. వాళ్ళ నాయన అక్కడ కాపలా ఉండేవాడు. ఆయన పోయాక ఆ పని ఈమెకు వచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా రోజులు సమాధి చుట్టూ ఊడుస్తుంది. "సచ్చినోడికి సుట్టెందుకు నాయనా? నేను తాగితే వాసనన్నా వస్తాది" అని నాతో నవ్వేది. ఊళ్ళో మాత్రం ఆ మాట అనేది కాదు. మండీ దగ్గర తాగి తూలేవాళ్ళు ఆ గేటు దాటకపోవడానికి కారణం తాళం కాదు, దొర. ఒంటరి ఆడమనిషికి ఆ భయమే తలుపు గడియ.

పోయిన వేసవిలో ఎవరో గేటు పక్కన తెలుగులో బోర్డు పెట్టారు. పాలెగాళ్ళ మీదికి పటాలం తీసుకొచ్చిన కెప్టెన్ అట. తిరగబడినవాళ్ళను చింతచెట్లకు ఉరి తీయించి, ఆ ఏడే విషజ్వరంతో పోయాడట. అంటే మావాళ్ళు తరతరాలుగా గుడ్లు పెట్టి మొక్కింది తమ తాతలను వేలాడదీసినవాడికి. నాకు నవ్వు వచ్చింది. తర్వాత కడుపు మండింది.

నాకంటే ఎక్కువ మండింది ధనంజయకు. మండీలో లారీలకు సరుకెత్తే కుర్రాళ్ళకు వాడే మేస్త్రీ. "ఆదివారం దొర సమాధి కూలుద్దాం. రోషమున్నోళ్ళు రండి" అని అందరి ఫోన్లకూ పంపాడు. నేను పోయి ఎస్తేరుకు చదివి వినిపించాను. ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

"రాయి పోతే పోనీ. రాయే లేకపోతే కాపలాదానికి గదెందుకంటారు కదా. ఈ వయసులో నేను యాడికి పోయేది?"

"పోలీసులకు చెబుదాం అక్కా."

"చెప్తే వస్తారు, సూసి పోతారు. ఆళ్ళు పోయినాక ఈళ్ళు వస్తారు."

ఆ సాయంత్రం ఆమె ఎన్నడూ చేయని పని చేసింది. చుట్ట తాగలేదు. మర్నాడు పొద్దున్నే కొళాయి దగ్గర ధనంజయ వాళ్ళమ్మ గంగులమ్మ చెవిలో మెల్లగా వేసింది.

"మే గంగులూ, దొర సుట్ట ముట్టలేదు మే."

గంగులమ్మ బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. చిన్నప్పుడు ధనంజయకు ఫిట్సు వచ్చేవి. వాడి పుట్టువెంట్రుకలు ఆ సమాధి దగ్గరే తీయించింది. పొద్దు గూకేలోపు ఆ మాట పేటంతా పాకింది. చుట్టలు కుప్ప పడ్డాయి, ఒక్కటీ కాలలేదు. మండీ మలుపులో లారీ పక్కకు ఒరిగితే అదీ దొర పనే అన్నారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను కూడా ఆ దారి వదిలి చుట్టు తిరిగి పోయాను.

ఆదివారం మధ్యాహ్నం గడ్డపారలతో వచ్చారు. వెనకాల పేటంతా వచ్చింది. ఒకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పలక నిండా కాలని చుట్టలు.

"కొట్టరా" అన్నాడు ధనంజయ పక్కవాడితో.

"నువ్వే కొట్టు. మెసేజ్ పెట్టింది నువ్వు కదా."

"గడ్డపార నీ చేతిలో ఉండాది."

"నా పెండ్లాం నీళ్ళోసుకోని ఉండాదబ్బా. నేను కొట్టను."

"రోషమున్నోళ్ళు రమ్మంటివే ధనంజయా! సుట్టను సూసి సచ్చిందా నీ రోషం?"

అందరూ నవ్వారు. ధనంజయ గడ్డపార లాక్కుని పైకెత్తాడు. చుట్టల వైపు చూశాడు. చేతులు కిందికి రాలేదు. ఫోను తన మొహం మీదే ఉంది. గిరుక్కున తిరిగి ఎస్తేరు గది రేకుల మీద దించాడు. బతికిపోయామన్నట్టు మిగతావాళ్ళూ దాని మీద పడ్డారు.

"రేయ్, నా గదేం చేసిందిరా మీకు? మీ తాతల్ని ఇదేమన్నా ఉరి తీసిందా?" ఎస్తేరు అడ్డం పోయింది, ఎవరో పక్కకు నెట్టేశారు. గోడ పడింది. సట్టి, చాప, బైబిలు మీద మట్టి.

ఆమె లేచి సమాధి దగ్గరికి నడిచింది. పలక మీద కూర్చుని ఒక చుట్ట తీసి వెలిగించింది.

"సూడండిరా! ఇన్నేండ్లు తాగింది నేను. దొరా లేడు, గిరా లేడు!"

అప్పుడు గంగులమ్మ కేక పెట్టింది. "దొర పూనినాడు! ఆ కూసునే తీరు సూడండి!"

గడ్డపారలు జారిపడ్డాయి. ధనంజయ మోకాళ్ళ మీద పడ్డాడు.

"నేను ఎస్తేరునే! నీ బిడ్డకు ఫిట్సు వస్తే పరిగెత్తుకొచ్చి నోట్లో గుడ్డ పెట్టినదాన్ని!"

ఆమె ఎంత అరిస్తే వాళ్ళు అంత గట్టిగా నమ్మారు. కోపమొస్తే దొర అరవడా మరి!

వారం తిరక్కముందే కొత్త గది లేచింది. ధనంజయే పైకెక్కి కొత్త రేకులు బిగించాడు. ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎస్తేరక్క అని పిలిచేవాళ్ళు ఇప్పుడు లేరు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని పక్కకు జరుగుతారు. మొన్న మా వీధిలో ఒక పాపకు జ్వరం వచ్చింది. వాళ్ళమ్మ గేటు బయట నిలబడింది. సమాధి వైపు చూడలేదు, ఎస్తేరు వైపు చూసింది. పక్క ఊరిలో చేతబడి చేసిందని ఒక ముసలామెను కొట్టి తరిమినప్పుడు మొదట ఇట్లాంటి చూపులే చూశారు. ఆ సంగతి ఎస్తేరుకూ తెలుసు.

ఆ సాయంత్రం నేను పోయేసరికి ఆమె తలుపుకు గడియ పెట్టుకుని ఉంది. నా గొంతు విని తీసింది. చేతిలో ఆ పాప తల్లి పెట్టిపోయిన చుట్ట, ఇంకా వెలిగించలేదు.

"తాగకపోతే దొరకు కోపమొచ్చిందంటారు. తాగితే నేనే దొరనంటారు. ఆ బిడ్డకు జ్వరం దిగిందా నాయనా? సూసి రాపో."