నాన్న గొంతు, ఆగిపోయిన అప్‌డేట్

పాత కంప్యూటర్ మూత విప్పినప్పుడు వచ్చే వేడి దుమ్ము వాసన ఎక్కడ తగిలినా నేను ఒక్క క్షణం ఆగిపోతాను. మొన్న ఆఫీసులో మూలన పడేసిన సీపీయూని మెకానిక్ విప్పుతుంటే అదే వాసన వచ్చింది. వెంటనే కైకలూరులో మా ముందు గది, కిటికీ పక్కన చెక్కబల్ల, దానిమీద డబ్బాలాంటి మానిటరు, ఎదురుగా మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న నాన్న కళ్ళ ముందుకు వచ్చేశారు.

మాది చేపల ఊరు. మా వీధి చివర ఐసు ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున్నే బడికి వెళ్తుంటే లారీల కింద కరిగిన నీళ్ళు కాళ్ళకి చల్లగా తగిలేవి. చేపల మేత దుకాణాల ముందు తౌడు వాసన, వేరుశనగ చెక్క వాసన, వాటిని మించి ఎండుచేపల వాసన. వేసవిలో వేళ్ళతో తవ్వుకుని తిన్న తాటిముంజలు, చలికాలంలో కుంపట్లో కాల్చిన తేగలు, క్రిస్మస్‌కి అమ్మ డబ్బాల నిండా వండే అరిసెలు, గులాబీ పువ్వులు... వీటన్నిటి వెనకా నాకు నాన్న గొంతు వినిపిస్తూ ఉండేది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. పాఠం చెబితే రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినబడేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే వెనక వరసలో చంటిపిల్లలు సైతం ఏడుపు ఆపేవారు. సాయంత్రమైతే వీధిలో పిల్లలమంతా మా అరుగు మీద చేరి ఆయన చేత రాజుల కథలు చెప్పించుకునేవాళ్ళం.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్నకి మెడలో గడ్డ లేచింది. ఏలూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ఇబ్బంది లేదన్నారు గానీ, గొంతు పోయింది. గట్టిగా మాట్లాడబోతే గాలి తప్ప మాట వచ్చేది కాదు. గొంతుకి వెళ్ళే నరం నలిగిందని, అది కోలుకుంటే గొంతు తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, కొన్ని నెలలు చూడాలన్నారు డాక్టరుగారు. నాన్న బడికి సెలవు పెట్టారు. చర్చికి వెళ్ళడం మానేశారు. ఏదైనా కావాలంటే నా పాత పలక మీద రాసేవారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన చెవులు కూడా పోయాయేమో అన్నట్టు పెద్దగా అరిచి మాట్లాడేవారు. వాళ్ళు వెళ్ళాక ఆయన చాలాసేపు గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఆ రోజుల్లోనే కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి నేనొక ఆన్‌లైన్ ఆట ఎక్కించాను. అడవులు, కోటలు, పడవలు, జట్లు జట్లుగా ఆడే ఆట. రెండు రోజులకే నాకు విసుగొచ్చింది. నాన్నకి మాత్రం రాలేదు. ఎందుకంటే అందులో మాటలన్నీ టైపు చేసేవే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే జట్టు ఒకటి ఆయనకి దొరికింది. కోట మీదికి ఎటునుంచి వెళ్ళాలో, వెనకటి రాజులు ఇలాంటి కోటల్ని ఎలా పట్టుకున్నారో ఆయన టకటకా టైపు చేస్తుంటే, వాళ్ళు ఆయన్ని "మాస్టారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన నిజంగా మాస్టారని వాళ్ళకి తెలియదు. వాళ్ళలో రమ్య అనే అమ్మాయి తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేది. సాయంత్రం అయ్యేసరికి నాన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆ కుర్చీలో కూర్చునేవారు. "ఎవరు చూస్తారనండీ ఆ ముస్తాబు?" అని అమ్మ నవ్వేది. కానీ ఆ చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టేది కూడా అమ్మే.

ఒకరోజు ఆట తెరిస్తే కొత్త అప్‌డేట్ వచ్చిందని, అది ఎక్కితేగానీ లోపలికి వెళ్ళడానికి లేదని రాసుంది. అప్‌డేట్ మొదలవడం, కాసేపటికి సర్వరుతో సంబంధం కుదరలేదని చెప్పి ఆగిపోవడం, మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. నాన్న పరీక్ష పేపర్లు దిద్దినంత ఓపికగా కూర్చున్నారు. యాంటీవైరస్ ఆపించారు. ఆట మొత్తం తీయించి సీడీలోంచి మళ్ళీ ఎక్కించారు. చోటు చాలలేదేమోనని ఫొటోలన్నీ సీడీకి ఎక్కించి చెరిపించారు. టెలిఫోన్ లైన్‌మాన్ వచ్చి, స్తంభం దగ్గర తుప్పు పట్టిన తీగ మార్చి, "లైను బంగారంలా ఉందండీ" అని వెళ్ళిపోయాడు. ఏదీ పనిచేయలేదు. వారం గడిచేసరికి నాన్న గడ్డం పెరిగింది. చొక్కా మార్చుకోవడం మానేశారు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవారు. అమ్మ నాతో వంటింట్లో, "ఆ పాడు ఆట ఎలాగోలా బాగుచెయ్యవే" అంది. అంతకుముందు ఎప్పుడూ అమ్మ నన్ను చదువు మానేసి ఆట చూడమనలేదు.

ఇంట్లో మెయిల్ కూడా తెరుచుకోకపోవడంతో, చివరికి నాన్న, నేను బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి వెళ్ళి, ఎప్పుడో ఆటలో రమ్య ఇచ్చిన అడ్రసుకి సంగతంతా రాసి మెయిల్ పెట్టాం. ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నన్ను ఎత్తమని నాన్న సైగ చేశారు.

"ఏవండీ, మాస్టారున్నారాండీ? నేను రమ్యనండీ, గూడెం నుంచి."

"ఉన్నారండీ. కానీ నాన్న మాట్లాడలేరండీ. ఆపరేషన్‌లో గొంతు పోయింది."

"మా జట్టులో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆయనే కదండీ!" అంది ఆ అమ్మాయి. తర్వాత గొంతు సవరించుకుని, "సరే, కంప్యూటర్‌లో తేదీ ఎంతుందో చూడమ్మా" అంది. చూస్తే ఐదారేళ్ళు వెనక్కి ఉంది! లోపలి బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికి వచ్చేస్తోందట. తేదీ తప్పుగా ఉంటే సర్వరు మనల్ని నమ్మదట. అన్నాళ్ళూ తెర మూలన కనబడుతున్నదాన్ని మేమిద్దరం ఒక్కసారి కూడా చూడలేదు.

తేదీ సరిచేశాక అప్‌డేట్ కదిలింది. ఎంత ఎక్కిందో చూపిస్తూ తెరమీద చీమలా పాకుతున్న పచ్చగీతని చూస్తూ నాన్న కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం నాలుగింటికి కొల్లేరు వైపు మబ్బు కమ్మింది. గాలి లేచింది. పిడుగు పడిందంటే మోడెములు, టీవీలు మాడిపోతాయని మా వీధిలో అందరికీ భయం. అమ్మ పెరట్లోంచి పరుగున వచ్చి, "తీసేస్తున్నానండీ, ఉరుముతోంది" అంటూ ప్లగ్గు మీద చెయ్యి వేసింది. గీత చివరికి వచ్చేసింది, గోరంత మిగిలింది.

"ఆగు!"

గరగరమని, సగం విరిగిపోయి, అయినా గదంతా వినబడేలా వచ్చింది ఆ మాట. అమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నాన్న తన మెడని తానే పట్టుకుని మమ్మల్ని చూశారు. "మళ్ళీ అనండి" అంది అమ్మ. ఆయన నోరు తెరిచేలోపు కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఎవరూ దానివైపు చూడలేదు. ఆ చీకటి గదిలో అమ్మ పేరు, తర్వాత నా పేరు, గాలికి చిరిగిన గుడ్డలా ఆయన ఒక్కొక్కటే పలికారు. అమ్మ ఏడుస్తూ నేలమీదే కూర్చుండిపోయింది.

మర్నాడు తేదీ మళ్ళీ సరిచేసి పెడితే అప్‌డేట్ పూర్తయింది. తర్వాతిసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఏలూరులో కంప్యూటర్ షాపు ముందు నేను మాట్లాడబోతే, నాన్న నన్ను పక్కకి జరిపి బ్యాటరీ కావాలని ఆయనే అడిగారు. జూన్‌లో బడికి వెళ్ళారు. మునుపటి గొంతు పూర్తిగా రాలేదు. పిల్లలే బెంచీలు ముందుకి జరుపుకున్నారట.

ఆ ఆటని కొన్నేళ్ళకే మూసేశారు. ఇప్పుడు మా వీధిలో టెలిఫోన్ తీగలు లేవు, నెట్ సెంటరు ఉన్నచోట బిర్యానీ హోటలు వచ్చింది. ఆ జట్టువాళ్ళు ఏ ఊళ్ళలో ఉన్నారో మాకు తెలియదు. నాన్న వాళ్ళెవ్వరి గొంతూ వినలేదు. విన్నది నేనొక్కదాన్నే, అదీ ఒక్కరిదే. రమ్య గొంతు ఎలా ఉండేదమ్మా అని కిందటేడు ఆయన అడిగారు. ఎంత ఆలోచించినా నాకు గుర్తురాలేదు. బాగుండేది నాన్నా అన్నాను.