మడుగెండితే సెలవు

కువైట్‌లో నేను కారు తోలిన ఇంటివాళ్ళు ఏటా చలికాలం వానలు పడగానే ఎడారిలో డేరాలు వేసుకుని ఉండేవారు. మేడలూ ఏసీలూ వదిలేసి ఇసుకలో పొర్లడమేమిటని మొదట్లో నవ్వుకునేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఒక ఏడు వానలు దండిగా పడ్డాయి. షువైఖ్ బజార్లో కొన్న కొత్త డేరాలు బండికెత్తుకుని వెళ్ళేసరికి అక్కడి పల్లంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చుట్టూ కనుచూపుమేర పచ్చగడ్డి. గట్టున అప్పటికే పదిపన్నెండు డేరాలు, పొయ్యిల పొగ, మేకల అరుపులు.

నాది కొల్లేటి లంక. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి చూస్తూ కూర్చుండిపోయాను. అచ్చం మా ఊరే గుర్తొచ్చింది.

నేను కువైట్ వచ్చాక మా ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. మూడేళ్ళు నిండొస్తున్నా ఇంకా కళ్ళజూడలేదు. సెలవడిగితే మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన ఇంటాయన, గడ్డం నిమురుకుని, "ఈ నీళ్ళు ఎండితే డేరాలు ఖలాస్. అప్పుడు వెళ్ళు" అన్నాడు. మంచి యజమానే. కానీ డేరాలున్నన్నాళ్ళూ మంచినీళ్ళూ రొట్టెలూ చుట్టాలనూ చేరవేయడానికి నేను కావాలి.

అప్పటినుంచి ఆ నీళ్ళంటే నాకు గిట్టలేదు. పొద్దున్నే లేచి అంచు ఎంత తగ్గిందో చూసుకునేవాణ్ణి. తగ్గిందనుకునేలోపు మళ్ళీ మబ్బు పట్టేది. ఇంటివాళ్ళు వానలో తడుస్తూ చప్పట్లు కొడుతుంటే నేను పళ్ళు నూరుకునేవాణ్ణి. ఎక్కడినుంచో కొంగలు కూడా దిగాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపమంతా వాటి మీదే. మట్టిగడ్డ విసిరి తోలాను.

వంటావిడ చూసింది. కడప వైపు మనిషి, నాకంటే పెద్దది. "కొంగలేం జేసినాయి నిన్ను?" అంది.

"ఈ దిక్కుమాలిన మడుగు ఎప్పుడెండుద్దో ఏంటో అక్కా. ఎండితే పీడా పోద్ది."

"నీ నోట్లో మన్ను పడ! మా పక్క గుంతెడు నీళ్ళ కోసరం ఎంతమంది దేవుళ్ళకు మొక్కుకుంటామో తెల్సునా నీకు?"

విసురుగా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మా లంకలో నేను అలాంటి మాటంటే మా అమ్మ చెంప పగలగొట్టేది. అయినా మర్నాడు మళ్ళీ అదే కోరుకున్నాను.

ఎండలు ముదిరాక మడుగు బురదై, నెర్రెలిచ్చింది. ఆఖరి డేరా మడిచిన రోజు ఆ బోడి నేలను చూస్తే నాకు ఏడుపొచ్చింది. వంటావిడ వెన్ను తట్టి, "పో సామీ, పోయి బిడ్డను జూసుకో" అంది.

వేసవి కదా, కొల్లేట్లో లోతు తగ్గింది. గెడేసి తోస్తే పడవ మా గట్టుకు చేరింది. పిల్ల నన్ను చూసి తల్లి వెనక దాక్కుంది. ఎన్ని చాక్లెట్లు చూపించినా దగ్గరికి రాలేదు. చివరికొక సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆ మడుగు గురించి, డేరాల గురించి కథలా చెప్పడం మొదలుపెట్టాను. మెల్లగా వచ్చి నా మోకాలి మీద చెయ్యేసింది. నా ప్రాణం లేచొచ్చింది.

అంతా విని, ఎదురుగా ఉన్న కొల్లేటిని చూసి, "అయితే మీ ఊళ్ళో కూడా మా ఊళ్ళోలాగా నీళ్ళున్నాయా?" అంది.

మా ఆవిడ వైపు చూశాను. ఆమె తల వంచుకుని చేపలు తోముతోంది.

"ఉన్నాయమ్మా" అన్నాను.